కళ్ళజోళ్ళ షాపు ముందు గొయ్యి

రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు కళ్ళజోడు బాగుచేయించుకుందామని వస్తూ, షాపు మెట్టు అనుకుని గోతిలో కాలు పెట్టారు.

అదృష్టం బావుండి అడుగున మెత్తటి ఇసక ఉంది. ఆయన నడుం దాకా గోతిలో నిలబడి, చుట్టూ తడిమి చూసుకుని, "అమ్మాయ్, మీ షాపు ఇంత కిందికి ఎప్పుడు మార్చావు?" అనడిగారు.

లోపల లెన్సు తుడుస్తున్న అమ్మాయి చేతిలో గుడ్డతో సహా బయటికి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ చూపు హెడ్‌మాస్టరు గారి మీద జాలిగా మొదలై, గోతి పొడవునా పాకుతూ వెళ్ళి, చివర్లో హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ కుర్రాడి దగ్గరికి చేరేసరికి నిప్పయింది.

"ఇక్కడ ఇన్‌చార్జి ఎవరండీ?"

"నేనేనండీ. కేబుల్ సూపర్‌వైజర్ని."

"ఇది కళ్ళు కనపడనివాళ్ళు వచ్చే షాపండీ! కళ్ళు బావున్నవాళ్ళకి నాతో పనేంటి? నా కస్టమర్ల దారికి అడ్డంగా గొయ్యి తవ్వుతారా?"

"బోర్డు పెట్టాం కదండీ, 'జాగ్రత్త, గొయ్యి ఉంది' అని."

"అది చదవగలిగితే నా దగ్గరికి ఎందుకొస్తారు?"

హెడ్‌మాస్టరు గార్ని ఇద్దరూ చెరో చెయ్యి పట్టి పైకి లాగారు. ఇసక దులుపుకుంటూ ఆయన, "పాయింటే కదయ్యా," అన్నారు.

"ఫైబర్ వేస్తున్నామండీ. ఇంటర్నెట్ చాలా స్పీడుగా వస్తుంది," అన్నాడు కుర్రాడు, ఓదార్పుగా.

"మీ ఇంటర్నెట్ ఎప్పుడొచ్చినా మా వీధి తవ్వుకునే వస్తుంది," అంది అమ్మాయి. "ముందు ఫోను లైనన్నారు, తవ్వారు. ఆ లైనులోంచే ఇంటర్నెట్టన్నారు, అది చాలట్లేదని మళ్ళీ తవ్వారు. బ్రాడ్‌బ్యాండన్నారు, తవ్వారు. ఇప్పుడు ఫైబరు. ప్రపంచమంతా దగ్గరైపోతోంది, నా కస్టమరు మాత్రం మెట్టు దాకా రాలేకపోతున్నాడు! అయినా మీ గొయ్యి ఏంటి, ఇంత వంకరగా ఉంది?"

"వంకరా? తిన్నగానే ఉందే!"

అమ్మాయి కోపం ఠక్కున ఆగిపోయింది. అతని వైపు ఒకసారి, గోతి వైపు ఒకసారి చూసింది.

"లోపలికి రండి."

"ఎందుకండీ?"

"రండి చెప్తాను."

కుర్రాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాల చార్టు చూపించింది. పై వరస చదివాడు. రెండోది తడుముకున్నాడు. అడుగు వరస చదవమంటే చాలాసేపు తల అటూ ఇటూ వంచి, "చీమలండీ," అన్నాడు.

"అవి అక్షరాలండీ."

"నిజంగా? వరసగా పోతుంటే చీమలనుకున్నాను."

"పోతున్నాయా!" అని అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "ఇన్నాళ్ళూ ఈ కళ్ళతోనే వీధులన్నీ తవ్వారా?"

సాయంత్రానికి కళ్ళజోడు తయారైంది. ఆవిడే స్వయంగా అతని చెవుల మీద సర్ది, వెనక్కి జరిగి నిలబడింది. అప్పటిదాకా అతనికి ఆ అమ్మాయి అంటే తిట్టే గొంతూ, దాని వెనక మసగ్గా ఒక పసుపు చొక్కా, అంతే. ఇప్పుడు ఒక్కసారిగా కళ్ళొచ్చాయి, కనుబొమలొచ్చాయి, ఎడమ బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ కూడా వచ్చింది.

"ఎలా ఉంది?"

"చాలా బావుందండీ."

"నేనడిగింది చూపు గురించి."

"నేను చెప్పిందీ అదేనండీ."

అమ్మాయి ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికి అంత పెద్ద షాపులో ఇంకో చోటు దొరకనట్టు లెన్సుల డబ్బాలోకి చూసింది.

కుర్రాడు బయటికెళ్ళాడు. వెంటనే "అయ్యయ్యో!" అని కేక వినపడింది. పాము పాకినట్టు వంకర్లు తిరిగిన గొయ్యి అతనికి మొదటిసారి కనపడింది.

"ఇదంతా పూడ్చి మళ్ళీ తిన్నగా తవ్వాలండీ," అన్నాడు తలుపులోంచి తల పెట్టి.

"అంటే, మీకు కళ్ళజోడిచ్చి నా గొయ్యి నేనే తవ్వుకున్నానన్నమాట!"

అలా వారంలో అయిపోవాల్సిన పని వారాల తరబడి సాగింది. ఆ వీధిలో అతనికి 'గోతులబ్బాయి' అన్న పేరు స్థిరపడింది. గోతులబ్బాయి కళ్ళజోడు మాత్రం రోజూ జారిపోయేది.

"మళ్ళీ జారిందా?"

"మళ్ళీ జారిందండీ."

"మీ ముక్కు రోజూ ఆకారం మారుతుందా ఏంటి?"

"దుమ్ములో పనండీ. సన్నబడుతుందేమో."

ఆవిడ స్క్రూ బిగించేది. అతను షాపు గుమ్మం దాటగానే మళ్ళీ వదులు చేసుకునేవాడు. ఒకరోజు అతను ఆ పని చేస్తుండగా ఆవిడ అద్దంలోంచి చూసింది. మర్నాడు ఇంకాస్త మెల్లగా బిగించింది.

ఓసారి జేబులోంచి వెంట్రుకంత సన్నటి తీగ ముక్క తీసి చూపించాడు. "ఇదేనండీ ఫైబరంటే. ఇదీ గాజే. అంతా ఇంటర్నెట్ ఆకాశంలో ఉంటుందనుకుంటారు గానీ, ఎక్కువ భాగం మట్టి కిందా సముద్రం కిందా ఇలాంటి గాజులోంచే పోతుంది, వెలుతురు రూపంలో. మీరు వెలుతుర్ని గాజులోంచి కంట్లోకి పంపుతారు. నేను ఇంట్లోకి పంపుతాను. మనిద్దరిదీ ఒకే వ్యాపారం."

"కాకపోతే నేను ఎవరి గుమ్మమూ తవ్వను."

ఈ మాటలన్నీ మూల కుర్చీలో కూర్చుని వింటున్న మనిషి ఒకాయన ఉన్నారు. అమ్మాయి వాళ్ళ నాన్న. టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. షాపు పైనే ఇల్లు. పైన భార్య ఫొటో పక్కన ఒక నల్లటి ల్యాండ్‌ఫోను ఉంటుంది. రెండింటినీ ఆయనే పొద్దున్నే తుడుస్తారు. కూతురు ఎన్నిసార్లు కొనిస్తానన్నా సెల్‌ఫోను ముట్టుకోలేదు.

"ఏమయ్యా, ఈ గాజు తీగలో మాటలు పోతాయా?" అన్నారు.

"మాటలేంటి సార్, సినిమాలే పోతాయి."

"కరెంటు పోతే?"

"పోతే... ఇంట్లో మెషీను ఆగిపోతుంది సార్."

"నా రాగి తీగ ఆగదు. వీధంతా చీకటైనా ఫోను మోగుతుంది. ఈ వీధికి మొదట ఇంటర్నెట్ తెచ్చింది నేనే, తెలుసా? అప్పుడు మోడెమ్ అనే డబ్బా ఉండేది. అది కలిసేటప్పుడు ఎలా అరిచేదనుకున్నావ్?"

అని ఆయన లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, పూర్తి మనసుతో, "కీఁఁచ్... కుయ్ఁ కుయ్ఁ... బొయింగ్... ఖర్‌ర్‌ర్‌ర్!" అన్నారు. కళ్ళు చూపించుకోవడానికొచ్చిన ఒక పెద్దావిడ కుర్చీలోంచి ఎగిరిపడింది.

"నాన్నా!"

"ఉండవే, చరిత్ర చెప్తున్నాను. పరీక్ష రిజల్ట్స్ వస్తున్నాయంటే వీధి వీధంతా మా ముందుగదిలోనే. ఇంట్లో ఎవరైనా ఫోనెత్తారా, ఇంటర్నెట్ హరీమనేది. మా చెల్లెలి పెళ్ళి కూడా దాని మీదే కుదిరింది. అబ్బాయి ఫొటో ఈమెయిల్లో పంపారు. ఆ రోజుల్లో ఫొటో పైనుంచి కొంచెం కొంచెం దిగేది. ముందు జుట్టొచ్చింది. ఒత్తుగా ఉంది, సరే అన్నారు. నుదురొచ్చింది. కళ్ళొచ్చాయి. ముక్కు రాగానే లోపల మా అమ్మ ఎవరికో చేద్దామని రిసీవరెత్తింది. అంతే, కట్! మళ్ళీ కలవనే లేదు. 'ముక్కు దాకా బావున్నాడుగా, మిగతాది మాత్రం ఎంతుంటుంది' అని మా చెల్లి ఒప్పేసుకుంది."

"మరి మిగతాది సార్?"

"గడ్డం. ఛాతీ దాకా. పెళ్ళిరోజున చూసింది. తియ్యమని అప్పట్నుంచీ పోరుతోంది. మా బావగారు వింటేగా!"

గోతులబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వబోయి, ఇతను గాజు తీగ పార్టీ అని గుర్తొచ్చి, ఆపుకున్నారు.

ఆ చెల్లెలే, అంటే అమ్మాయి మేనత్తే, ఆ తర్వాత సంబంధం పట్టుకొచ్చింది. అబ్బాయి పళ్ళ డాక్టరు.

"కళ్ళూ పళ్ళూ ఒకే ఇంట్లో! ఇంతకంటే ఏం కావాలన్నయ్యా?" అంది. ఫొటో ఈసారి గడ్డంతో సహా మొత్తం చూపించింది.

డాక్టరు తండ్రి బుధవారం ఫోన్ చేసి మాట ఖాయం చేస్తారని చెప్పి వెళ్ళిపోయింది. లైన్‌మన్ గారు వాళ్ళకి ల్యాండ్‌లైన్ నంబరే ఇచ్చారు. "సెల్‌ఫోన్లో చెప్పే మాట గాలి మాట. ముఖ్యమైన విషయం తీగ మీదే రావాలి," అన్నది ఆయన సిద్ధాంతం.

బుధవారం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని ఫోను పక్కన కూర్చున్నారు.

"నాన్నా, నీతో ఒక మాట చెప్పాలి."

"ఫోనొచ్చాక చెప్దువుగానిలే."

"ఫోనొచ్చేలోపే చెప్పాలి."

"ష్! రింగు వినపడదు."

అమ్మాయి రెండుసార్లు కిందికెళ్ళింది, మూడోసారి పైకొచ్చింది. ఆయన తల దువ్వుకోవడానికి అద్దం దగ్గరికెళ్ళిన కాస్త సందులో, బీరువా వెనక చెయ్యి పెట్టి ఫోను వైరు ఫట్‌మని లాగేసింది. ఎందుకు చేసిందో, చేశాక ఏం చెయ్యాలో ఏమీ ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. తిరిగి పెట్టేద్దామంటే ఆయన వచ్చి కూర్చున్నారు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే బయట తవ్వే మెషీను దేనికో తగిలి "టప్" మంది.

మర్నాడు మేనత్త రుసరుసలాడుతూ వచ్చింది. "ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదట! మేమంటే లెక్కలేదా అని ఆయన మండిపడుతున్నాడు. సంబంధం వద్దన్నారు. ఇంకెక్కడి ఫోనన్నయ్యా నీది?"

లైన్‌మన్ గారు రిసీవరెత్తి చెవికి పెట్టుకున్నారు. చడీ చప్పుడూ లేదు. ఆయన ముఖం చూసి అమ్మాయికి నిజం చెప్పే ధైర్యం చాలలేదు. ఆయన నేరుగా కేబుల్ ఆఫీసుకెళ్ళి, మేనేజరు టేబులు మీద గుద్ది, "మీవాడు నా లైను తెంపాడు, నా కూతురి పెళ్ళి చెడగొట్టాడు!" అని వచ్చేశారు.

మేనేజరు గోతులబ్బాయిని పిలిచి కడిగేశాడు. "వీధిలో చూసుకుని తవ్వలేనివాడివి ఇక్కడొద్దు. మన ఓడ ఒకటి సముద్రంలో కేబుల్ వేస్తోంది, అందులోకి పో. అక్కడైతే తెంపడానికి ఎవరి ఫోనూ ఉండదు!"

ఓడెక్కితే నెలల తరబడి నేల కనపడదు. గోతులబ్బాయి ఎదురు చెప్పలేదు. "టప్" అన్న చప్పుడు అతనూ విన్నాడు మరి. ఆ తెగిన తీగేదో తన చేత్తో అతికించి పోదామని, ఒక్కడే గోతిలోకి దిగాడు.

అప్పుడే వాన మొదలైంది. ముందు రెండు చుక్కలు వచ్చి చూసిపోయినట్టు పడి, తర్వాత చుట్టపక్కాలందర్నీ వెంటేసుకొచ్చింది. షాపు అద్దం వెనక నుంచి అమ్మాయికి అతను కనపడుతూనే ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు మీద నీళ్ళు కారుతుంటే, గుడ్డివాడిలా మట్టి తడుముతున్నాడు. తెగని తీగ కోసం.

ఇక ఉండబట్టలేక గొడుగు తీసుకుని బయటికొచ్చింది.

"ఏం వెతుకుతున్నారు?"

"తెగిన తీగండీ."

"దొరికిందా?"

"పాత నీళ్ళ గొట్టం ఒకటి పగిలింది, అంతవరకే దొరికింది. తీగ కనపడట్లేదు."

"దొరికితే?"

"అతికిస్తాను. మీ డాక్టరు గారింటి నుంచి మళ్ళీ ఫోనొస్తుంది."

"తర్వాత?"

"ఓడెక్కుతానండీ."

"ఓడా? మీకు ఈతొచ్చా?"

"రాదండీ."

అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వెతక్కండి. అది తెగలేదు. నేనే పీకేశాను."

"ఏంటండీ? వానలో వినపడట్లేదు!"

"నేనే..." అంటూ ముందుకొచ్చింది. గట్టు మెత్తబడి ఉంది. గొడుగుతో సహా సర్రున జారి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు ముఖాల నిండా మట్టి.

"ఫోను వైరు పీకేసింది నేను," అంది ఈసారి, చెవి దగ్గరగా.

"ఎందుకు?"

"ఆ డాక్టరు నాకొద్దు కాబట్టి."

"ఎందుకొద్దు? పళ్ళు బావుండవా?"

"అయ్యో రామా! కళ్ళజోడు పెట్టుకున్నాక కూడా కనపడట్లేదా మీకు?"

"నీళ్ళు కారుతున్నాయండీ, అద్దాలు మసగ్గా..."

ఆవిడ అతని కళ్ళజోడు లాక్కుని, జేబులోని గుడ్డతో పరపరా తుడిచి, మళ్ళీ ముక్కు మీద పెట్టింది. చెయ్యి వెంటనే తియ్యలేదు. "ఇప్పుడు?"

అతను చాలాసేపు చూశాడు. "ఇప్పుడు తెలుస్తోంది."

"ఏం తెలుస్తోంది?"

"నేను ఓడెక్కకూడదని."

"అంతేనా?"

"ఇంకా చాలా ఉంది గానీ, మీ నాన్నగారు గట్టు మీంచి చూస్తున్నారండీ."

నిజంగానే చూస్తున్నారు. తల మీద ప్లాస్టిక్ కవరు, భుజాన పాత టెస్టింగ్ ఫోను. ఉద్యోగంలో ఉన్నప్పుడు స్తంభాలెక్కి లైన్లు పరీక్షించిన ఫోనది. ఇంట్లోకి లైను దిగే గోడ మీది డబ్బాకి దాన్ని తగిలించి చూసి వస్తున్నారు.

"లైను బతికే ఉంది," అన్నారు నెమ్మదిగా. "డబ్బా దాకా డయల్ టోను ఖంగున మోగుతోంది. అంటే పోయింది నా ఇంట్లోనే."

అమ్మాయి తల దించుకుంది. "నేనే నాన్నా."

"వద్దనుకుంటే వద్దని నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పబోతే ష్ అన్నావు. నువ్వు ముఖ్యమైన మాటలు ఫోన్లోనే వింటావాయె. పక్కన నిలబడి చెప్పేదాన్ని నేనేం చెయ్యను?"

పెద్దాయన ముఖం మీద వాన తుడుచుకుని, మారు మాట్లాడకుండా మెట్లెక్కి లోపలికెళ్ళిపోయారు.

"కోపమొచ్చిందా?" అన్నాడు కుర్రాడు.

"ఏమో. మాట్లాడకపోతేనే భయం నాకు."

పైన బీరువా జరిపిన చప్పుడైంది. తర్వాత కిటికీ తెరుచుకుంది. లైన్‌మన్ గారు రిసీవరు పట్టుకుని నిలబడి ఉన్నారు. "అమ్మాయ్! వైరు పెట్టేశాను. నాకు ఫోన్ చెయ్!"

"ఇక్కడే ఉన్నాను కదా నాన్నా! చెప్తాను, విను!"

"ముఖ్యమైన మాటా, కాదా?"

"ముఖ్యమైందే!"

"అయితే ఫోన్ చెయ్!"

అమ్మాయి గోతిలో కూర్చునే సెల్‌ఫోను తీసింది. కుర్రాడు గొడుగు పట్టాడు. పైన నల్లఫోను ట్రింగ్‌మంది. ఆయన రెండోసారి మోగేదాకా ఆగి ఎత్తారు.

"హలో, ఎవరండీ మాట్లాడేది?"

"నేను నాన్నా. కనపడుతూనే ఉన్నాను."

"చెప్పమ్మా. వింటున్నాను." కిటికీలో ఆయన నిజంగానే కళ్ళు మూసుకుని వింటున్నారు.

"నాకు ఆ డాక్టరు గారు వద్దు నాన్నా."

"సరే. ఇంకా?"

"పక్కన గొడుగు పట్టుకున్నతను కావాలి."

"తల్లి లేని పిల్లవి. రింగు వినపడదేమోనని భయపడ్డాను గానీ, నీ మాట వినపడదేమోనని భయపడలేదు, చూశావా," అన్నారాయన. రిసీవరు రెండో చెవికి మార్చుకుని, "సరే, ఫోను అతనికివ్వు," అన్నారు.

కుర్రాడు మట్టిచేతులు ప్యాంటుకి తుడుచుకుని అందుకున్నాడు. "నమస్కారం సార్."

"సారేంటయ్యా, రిటైరయ్యాను కదా."

"సారీ... అంకుల్."

"ఈ వీధిలో అందరికీ అంకుల్నే. పిల్లనివ్వమని అడిగేవాడు కూడా అంకులంటే ఎట్లా?"

పక్కన అమ్మాయి మోచేత్తో పొడిచింది.

"మా... మావయ్యగారూ," అన్నాడు పిల్లికూన గొంతుతో.

"వినపడట్లేదు."

"మావయ్యగారూ."

"అబ్బే. వాన చప్పుడు. గట్టిగా!"

కుర్రాడు లేచి నిలబడి, గొడుగు వదిలేసి, గోతిలోంచి ఆకాశం అదిరేలా "మావయ్యగారూఁ!" అని అరిచాడు.

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. దాని పక్కది తెరుచుకుంది. వరసగా వీధి కిటికీలన్నీ తెరుచుకున్నాయి. వానకి మెషీను చాటున చేరి టీ తాగుతున్న పనివాళ్ళు గ్లాసులు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడైనా వినపడిందాండీ?" అన్నాడు కుర్రాడు, రొప్పుతూ.

"నాకు మొదటిసారే వినపడింది బాబూ," అన్నారు లైన్‌మన్ గారు ఫోన్లో, తాపీగా. "రేపు మీ మేనేజరు దగ్గరికి వచ్చి, తీగ తెగలేదని నేనే చెప్తాను. ఇన్నేళ్ళు ఈ వీధి కబుర్లన్నీ నేను మోశాను. నా ఇంటి కబురు వీధికి తెలియొద్దూ?"